10 మిల్లీగ్రాముల మెలటోనిన్ వేసుకున్నా 3 గంటలకే మెలకువ వస్తోంది, డోసు పెంచాలా?

తమ్ముడూ, డోసు పెంచకు. నువ్వు ఇప్పుడు నములుతున్న 10 మిల్లీగ్రాములే చాలా ఎక్కువ.

నువ్వు చెప్పింది నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో ముందు చూద్దాం. నీ వయసు 34. భూపాలపల్లిలో భూగర్భ గనిలో బొగ్గు ఎత్తిపోసే ఎస్‌డీఎల్ మిషన్ మీద పని. వారం మారితే షిఫ్ట్ మారుతుంది. మీ ఆవిడ ఆన్‌లైన్‌లో తెప్పించిన మెలటోనిన్ గమ్మీలు, అంటే జెల్లీలా నమిలే మందు, మూడు వారాల నుంచి రాత్రి 11కు ఒకటి చొప్పున తింటున్నావు. నిద్ర పడుతోంది గానీ 3 గంటలకు మెలకువ వచ్చి, మళ్లీ కన్ను మూత పడట్లేదు. నైట్ షిఫ్ట్ వారంలో పొద్దున ఇంటికొచ్చి తింటే అసలు పని చేయట్లేదు. సెకండ్ షిఫ్ట్ దిగి వచ్చిన రోజు ఒక క్వార్టర్ కూడా నడుస్తోంది. గమ్మీలు రెండు చేయాలా అన్నది నీ మొదటి ప్రశ్న. దీనికి అలవాటు పడిపోతానా అన్నది రెండోది. 62 ఏళ్ల మీ అవ్వకు బీపీ, షుగర్ ఉన్నాయి, ఆమెకు సగం ఇయ్యొచ్చా అని మూడోది. పదేళ్ల బిడ్డకు కూడా రెండు రాత్రులు ఇచ్చామని చివర్లో ఒక్క ముక్కలో రాశావు. నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ఆ ఒక్క ముక్కే.

నేను హన్మకొండలో 26 ఏళ్లుగా మెడికల్ షాపు నడుపుతున్న ఫార్మసిస్టును. రోగం ఏదో తేల్చాల్సింది డాక్టరు, నేను కాదు. ఏ గోలీ ఒంట్లో ఏం చేస్తుంది, ఏది దేనితో పడదు అన్నది మాత్రం రోజూ నా చేతుల మీదుగా నడిచే పని. రాత్రి తొమ్మిదిన్నరకు షట్టర్ సగం దించే వేళకు వచ్చి, పక్కన ఎవరూ లేరని చూసుకుని, "అన్నా, నిద్రకు ఏమన్న గోలీ ఉంటే ఇయ్యరాదె" అని మెల్లగా అడిగేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. ఈ మధ్య వాళ్లలో చాలామంది నోట మెలటోనిన్ మాట వస్తోంది. అందుకే వివరంగా రాస్తున్నా.

మెలటోనిన్ నిద్రమాత్ర కాదు. మెదడు మధ్యలో పీనియల్ అని బియ్యపు గింజంత గ్రంథి ఉంటుంది. చీకటి పడ్డాక అది ఈ హార్మోన్‌ను రక్తంలోకి వదులుతుంది. మనం రోజూ పండుకునే వేళకు దాదాపు రెండు గంటల ముందు మొదలై, అర్ధరాత్రి దాటాక బాగా పెరిగి, తెల్లారేసరికి తగ్గిపోతుంది. ఊళ్లో డప్పు చాటింపు చూసే ఉంటావు. చాటింపు వేసేటాయన వాడ వాడ తిరిగి ఫలానా పని ఉన్నదని చెప్పి పోతాడు. ఆ పని ఆయన చేయడు, ఊరోళ్లు చేసుకోవాలి. మెలటోనిన్ కూడా రాత్రయిందని ఒళ్లంతా చాటి పోతుంది, అంతే. ఆ కబురు విన్నాక ఒంటి వేడి కొంచెం దిగుతుంది, మెదడు నెమ్మదిస్తుంది, నిద్రకు దారి పడుతుంది. డప్పు పదింతలు గట్టిగా కొడితే ఊరు పదింతలు బాగా పండుకోదు. వేళ కాని వేళ కొడితే మాత్రం ఊరంతా తికమక పడుతుంది. ఈ మందు విషయంలో ఎన్ని మిల్లీగ్రాములు అన్నదానికంటే ఎన్ని గంటలకు అన్నదే పెద్ద ప్రశ్న.

దీన్ని మొదట కనిపెట్టినాయన కూడా నిద్ర కోసం వెతకలేదు. ఆరన్ లెర్నర్ అనే చర్మవైద్యుడు 1958లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో పశువుల పీనియల్ గ్రంథుల నుంచి దీన్ని వేరు చేశాడు. ఆయన వెతికింది చర్మం రంగు మారే జబ్బులకు మందు. దీంతో కప్ప చర్మం రంగు తేలిపోయింది, మెలటోనిన్ అన్న పేరు ఆ రంగు సంగతి నుంచే వచ్చింది.

మరి నిద్రకు ఎంత పని చేస్తుంది? 2013లో 19 ప్రయోగాలను కలిపి లెక్క కట్టారు, అందులో మొత్తం 1,683 మంది. ఉత్తుత్తి గోలీ వేసుకున్నవాళ్లతో పోలిస్తే మెలటోనిన్ వేసుకున్నవాళ్లకు సగటున 7 నిమిషాలు ముందు నిద్ర పట్టింది, మొత్తం నిద్ర 8 నిమిషాలు పెరిగింది. కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ, సగటు అది. అందుకే అమెరికాలో నిద్ర వైద్యుల సంఘం 2017లో ఇచ్చిన సూచనల్లో మామూలు నిద్రలేమికి దీన్ని వాడకపోవడమే మేలన్న వైపు మొగ్గింది. రుజువులు బలహీనంగా ఉన్నాయని కూడా వాళ్లే చెప్పారు.

ఒంటి గడియారం పక్కకు జరిగినవాళ్లకు ఇది నిజంగా పనికొస్తుంది. హన్మకొండ హాస్టళ్లలో పొద్దుపోయేదాకా చదివి చదివి, తెల్లవారుజాము 3 దాకా నిద్రే రాని స్థితికి వచ్చిన పిల్లలు ఉంటారు. అలాంటివాళ్లకు డాక్టరు చాలా తక్కువ డోసు, అదీ పండుకునే ముందు కాకుండా సాయంత్రమే ఇచ్చి, గడియారాన్ని కొంచెం కొంచెం వెనక్కి జరుపుతారు. చూపు బొత్తిగా లేక, వెలుగూ చీకటీ ఒంటికి తెలియని వాళ్లకు కూడా ఇస్తారు. కొడుకు దగ్గరికో బిడ్డ దగ్గరికో అమెరికా పోయి వచ్చే పెద్దవాళ్లు నా షాపుకు చాలామంది వస్తారు. ఐదు, అంతకంటే ఎక్కువ టైం జోన్లు దాటినప్పుడు, దిగిన ఊరి లెక్కన పండుకునే వేళకు వేసుకుంటే విమానం బడలిక తగ్గుతుందని వైద్య ప్రయోగాలను కలిపి చూసే కాక్రేన్ సంస్థ 2002 సమీక్ష తేల్చింది. అక్కడ కూడా అర మిల్లీగ్రాము నుంచి 5 మిల్లీగ్రాముల దాకా ఫలితం దాదాపు ఒకటే. కాకపోతే 5 వేసుకున్నవాళ్లకు నిద్ర కొంచెం తొందరగా పట్టింది. 5 దాటాక ఇంకా మేలు జరిగిన దాఖలా లేదు.

ఇప్పుడు నీ 10 మిల్లీగ్రాముల సంగతి. 2001లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వాళ్లు 50 ఏళ్లు దాటినవాళ్ల మీద మూడు డోసులు వేసి చూశారు: 0.1, 0.3, 3 మిల్లీగ్రాములు. మూడింటితోనూ నిద్ర బాగుపడింది, అన్నిటికంటే బాగా 0.3తో. 3 ఇచ్చినప్పుడు ఒంటి వేడి మరీ దిగిపోయింది, తెల్లారాక కూడా మందు రక్తంలో మిగిలింది. నీ గమ్మీ ఆ 0.3కు 33 రెట్లు. ఒక చిన్న లెక్క వేసి చూడు. మామూలు మెలటోనిన్ ఒంట్లో గంటకు కొంచెం అటూ ఇటూగా సగం అవుతుంది. 11కు 10 వేసుకుంటే 12కు 5 మిగిలినట్టు, ఒంటిగంటకు రెండున్నర, 2కు ఒకటింబావు, 3కు 0.6. అంటే నీకు మెలకువ వచ్చే వేళకు కూడా పనికొచ్చే డోసుకు రెట్టింపు మందు ఇంకా ఒంట్లో ఉన్నట్టే లెక్క. అది ఉండగానే లేస్తున్నావంటే నిన్ను లేపుతున్నది మెలటోనిన్ కొరత కాదు. ఇంకో గమ్మీ కలిపితే ఏమవుతుంది? ఫస్ట్ షిఫ్ట్‌కు పొద్దుగాల లేచి బండి మీద పోయేటప్పుడు తల బరువు, మబ్బు. గనిలోకి దిగి ఎస్‌డీఎల్ మీద కూర్చునే మనిషికి ఆ మబ్బు ఎంత ప్రమాదమో నేను చెప్పక్కర్లేదు. పొద్దున తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, వింత కలలు కూడా ఎక్కువ డోసుతో చూస్తుంటాం.

డబ్బా మీద రాసింది డబ్బా లోపల ఉందో లేదో కూడా నమ్మలేం. మొన్న ఒకాయన అలాంటి డబ్బానే పట్టుకొచ్చి కౌంటర్ మీద పెట్టాడు. ముందు వైపు పండ్ల బొమ్మల మధ్య 10 అని పెద్దగా ఉంది. వెనక్కి తిప్పి, లైటు కిందకు జరిపి, అద్దాలు పెట్టుకుని చదివితే, ఆ 10 రెండు గమ్మీలకు కలిపి. ఆయన అది చూడలేదు, ఒకటి తిని చాలట్లేదని రెండు, తరువాత నాలుగు చేశాడు. నువ్వు కూడా ఇవాళ ఆ వెనక వైపు చదువు. కెనడాలో 31 రకాల మెలటోనిన్ తెచ్చి పరీక్షించి 2017లో ఫలితం చెప్పారు. రాసినదానికంటే 83 శాతం తక్కువ ఉన్నది ఒకటి, 478 శాతం ఎక్కువ ఉన్నది ఒకటి. ఎనిమిదింట్లో సెరటోనిన్ అనే వేరే పదార్థం కూడా బయటపడింది. 2023లో అమెరికాలో 25 రకాల గమ్మీలు పరీక్షిస్తే 22 లేబుల్‌కు సరిపోలలేదు. ఒకదాంట్లో మెలటోనిన్ అసలే లేదు. అవి మన దేశపు లెక్కలు కావు గానీ, ఆన్‌లైన్‌లో మనకొచ్చే డబ్బాల్లో విదేశీ సరుకు కూడా ఉంటుంది. నా మాట వింటే గమ్మీ మానేయి. వాడాల్సి వస్తే డాక్టరు రాసిన మామూలు గోలీ వాడు. మామూలు 3 మిల్లీగ్రాముల గోలీని సగం విరిస్తే ఒకటిన్నర వస్తుంది. మెల్లగా కరిగే రకం అయితే విరవకూడదు, నమలకూడదు.

నైట్ షిఫ్ట్ వారంలో ఎందుకు పని చేయట్లేదన్నది నీ అసలు ప్రశ్న అని నాకు అనిపిస్తోంది. నా షాపుకు కాజీపేట లోకో పైలట్లు, గోదావరిఖని, మందమర్రి నుంచి బంధువుల ఇళ్లకు వచ్చే కార్మికులు, ఆసుపత్రుల్లో నైట్ డ్యూటీ సిస్టర్లు వస్తుంటారు. అందరిదీ ఇదే గోస. రాత్రంతా పని చేసి గని పైకి వస్తావు, స్నానం చేసి బండి తీస్తావు, ఎండ నేరుగా కళ్లలో పడుతుంది. కంటి లోపల వెనక పొరలో ఉన్న ప్రత్యేకమైన కణాలు ఆ వెలుగును చూసి తెల్లారిందని మెదడుకు చెప్తాయి. మెదడు పీనియల్‌కు డప్పు ఆపమంటుంది. ఆ తరువాత ఇంటికొచ్చి నువ్వు నమిలిన గమ్మీ రాత్రయిందని చాటుతుంది. ఒంటికి రెండు కబుర్లు ఒకేసారి అందుతున్నాయి, ఎండ చెప్పే కబురే బలమైనది. పైగా ఒంటి గడియారం రోజుకు గంట, మహా అయితే కాస్త ఎక్కువ జరుగుతుంది. రాత్రిని పగలుగా మార్చుకోవాలంటే వారానికి పైనే పడుతుంది. నీకు వారానికే షిఫ్ట్ మారుతోంది. కుదురుకునే లోపే మళ్లీ మొదటికి వస్తుంది. కాబట్టి నైట్ వారంలో పగలు ఎనిమిది గంటలు పట్టలేదని నిన్ను నువ్వు తిట్టుకోకు. అది నీ ఒంట్లో లోపం కాదు.

షిఫ్టుల్లో పని చేసేవాళ్ల మీద జరిగిన ప్రయోగాలను 2014లో కాక్రేన్ వాళ్లే కలిపి చూశారు. నైట్ డ్యూటీ తరువాత మెలటోనిన్ వేసుకున్నవాళ్లకు పగటి నిద్ర సగటున 24 నిమిషాలు పెరిగింది. నిద్ర తొందరగా పట్టడం మాత్రం జరగలేదు, డోసు పెంచిన కొద్దీ నిద్ర పెరగడమూ కనిపించలేదు. 24 నిమిషాలు తక్కువేం కాదు, దొరికితే మంచిదే. డాక్టరు సరేనంటే ఆ వారంలో ఒకటిన్నర మిల్లీగ్రాముతో చూడొచ్చు. ఒక్క షరతు: ఇంటికి చేరి, బండి స్టాండ్ వేసి, పడక మీదకు పోయే ముందే వేసుకోవాలి. గని దగ్గర వేసుకుని బండి ఎక్కడం పొరపాటున కూడా వద్దు.

ఆ 24 నిమిషాల కంటే ఎక్కువ నిద్ర నీ గది నుంచే రాబట్టొచ్చు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర స్లాబు ఇళ్లు ఎట్లుంటాయో నీకు తెలుసు. మెలటోనిన్ చేసే పనుల్లో ఒకటి ఒంటి వేడి దించడం, పైన స్లాబు సెగ కొడుతుంటే ఆ పని సాగదు. ఇంట్లో అన్నిటికంటే కింద ఉన్న, పడమటి ఎండ తగలని గదిని పడకగది చేసుకో. కూలర్‌కు గడ్డి మార్చి, కిటికీకి తడిపిన వట్టివేళ్ల తడక కట్టు. కిటికీ అద్దాలకు నల్ల చార్ట్ గానీ వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్ గానీ అతికించు. చెయ్యి చాపితే నీ చెయ్యి నీకు కనిపించనంత చీకటి కావాలి. ఫోన్ మీ ఆవిడకు ఇచ్చి పండుకో, కాలింగ్ బెల్ స్విచ్ ఆపెయ్యి. నల్లా వచ్చే టైము, గ్యాస్ బండి వచ్చే టైము ఇంట్లో ఇంకొకరు చూసుకోవాలి. నైట్ డ్యూటీ మనిషి పగటి నిద్రను ఇంటిల్లిపాదీ రాత్రి నిద్రలాగే చూడాలి. మా చెల్లె నర్సు, ఆమె ఇంట్లో అది కుదిరిన రోజు నుంచే ఆమె ముఖం మారింది. ఒక్క విడతలో నిద్ర రాకపోతే రెండు విడతలు చెయ్యి: పొద్దున తొమ్మిదింటి నుంచి ఎంత వస్తే అంత, మళ్లీ రాత్రి డ్యూటీకి పోయే ముందు ఒక గంటన్నర. డ్యూటీలో చాయ్ మొదటి సగంలోనే తాగు. చాయ్‌లోని కెఫీన్ సగం కావడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది, తెల్లవారుజాము నాలుగున్నర చాయ్ నీ పక్క మీదికి వస్తుంది. చివరి నైట్ దిగిన రోజు మాత్రం మూడు, నాలుగు గంటలే పండుకుని లేచి, ఆ రాత్రికి అందరితో పాటు పక్క ఎక్కు.

మామూలు వారాల్లో ఇంట్లో వెలుతురు చూసుకో. ఇప్పుడు ప్రతి హాల్లో తెల్లటి ఎల్‌ఈడీ ట్యూబులైటు. పండుకునే ముందు గంటల్లో మామూలు గది వెలుతురులో ఉన్నా, మసక వెలుతురుతో పోలిస్తే ఒంట్లో సొంత మెలటోనిన్ పని చేసే కాలం గంటన్నర దాకా తగ్గుతుందని 2011లో ఒక పరిశోధన తేల్చింది. అది ఫోన్ వెలుగు కూడా కాదు, ఉత్త గది లైటు. తొమ్మిది దాటాక హాల్లో ఒక పసుపు రంగు చిన్న బల్బు పెట్టుకుంటే నీ సొంత డప్పు నువ్వు ఆపుకోకుండా ఉంటావు.

ఇక 3 గంటల మెలకువ. నేను మొట్టమొదట అనుమానించేది ఆ క్వార్టర్‌ని. మందు తాగితే తొందరగా నిద్ర పడుతుంది, నిజమే. అది ఒంట్లోంచి దిగిపోయే సమయానికి, అంటే రాత్రి రెండో సగంలో, నిద్రను ముక్కలు ముక్కలు చేస్తుంది. మెలకువ, చెమట, దాహం, ఉచ్చకు లేవడం. పైగా మెలటోనిన్‌తో కలిస్తే మబ్బు ఎక్కువవుతుంది. రెండు వారాలు పూర్తిగా ఆపి చూడు. రోజూ తాగే అలవాటు చాలా ఏళ్లదైతే ఒక్కసారిగా ఆపకు, డాక్టరుకు చెప్పి ఆపు. ఆపినా 3కే లేస్తుంటే ఇంకా చూడాల్సినవి ఉన్నాయి. గురక పెడతావా, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తావా అని మీ ఆవిడను అడుగు. అలా ఉంటే అది నిద్రలో ఊపిరాడని జబ్బు కావచ్చు, దానికి పరీక్ష వేరు, వైద్యం వేరు. రాత్రి రెండు మూడుసార్లు ఉచ్చకు లేస్తుంటే షుగర్ చూపించుకో, మీ అవ్వకు ఉంది కాబట్టి నీకూ వచ్చే అవకాశం ఉంది. కాళ్లు గుంజినట్టు, ఊరికే కదపాలనిపిస్తున్నట్టు ఉంటే రక్తంలో ఐరన్ చూపించు. మనసులో దిగులు, అప్పు భయం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఉంటే తెల్లవారుజాము మెలకువ దాని గుర్తే కావొచ్చు. మానసిక ఆరోగ్య సలహా ఇచ్చే ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టాల్సిన పని లేదు.

మెలకువ వచ్చినప్పుడు గడియారం చూడకు. ఇరవై నిమిషాలు అయిందనిపిస్తే పక్క దిగి, మసక లైటులో కూర్చో, నిద్ర కమ్మినప్పుడే మళ్లీ పడుకో. పక్క మీద దొర్లుతూ గంటలు గడిపితే ఆ పక్కను చూస్తేనే మెదడుకు మెలకువ అలవాటవుతుంది. షిఫ్ట్ ఏదైనా ఆ వారం వరకు లేచే టైము ఒకటే పెట్టుకో. ఇది చిట్కాలా కనిపిస్తుంది గానీ, దీర్ఘకాలపు నిద్రలేమికి గోలీల కంటే ముందు ఇలాంటి అలవాటు మార్పుల వైద్యమే ఇవ్వాలని అమెరికా వైద్యుల సంఘం 2016లో చెప్పింది. నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మొదటి వారం ఇంకా కష్టంగా ఉంటుంది, అప్పుడు వదిలేయకు.

అలవాటు పడతానా అని అడిగావు. ఆల్ప్రజోలం అనే మత్తు గోలీ లాగా మెలటోనిన్ మనిషిని పట్టుకోదు. ఆపితే వణుకు, ఫిట్స్ రావు. గమ్మీ లేకుంటే నిద్ర రాదేమోనన్న భయం మాత్రం అలవాటవుతుంది, అది నిజం. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి వ్యాపారం చేసే ఒక పెద్దాయన ఎనిమిదేళ్లుగా రోజూ రాత్రి ఆల్ప్రజోలం వేసుకునేవాడు. అమెరికాలో ఉన్న కొడుకు మెలటోనిన్ మంచిది, అలవాటు కాదు అని చెప్పి పంపించాడు. ఆయన సంతోషపడి ఆ రాత్రే పాత స్ట్రిప్పు చెత్తబుట్టలో పడేసి దీన్ని మొదలుపెట్టాడు. మూడో రోజుకు చేతులు వణికి, చెమటలు పట్టి, ఫిట్స్ వచ్చి ఆసుపత్రిలో పడ్డాడు. బతికి బయటపడ్డాడు. ఒకదాని చోట ఇంకోటి పెట్టగలిగే మందులు కావవి. ఆల్ప్రజోలం, డైజిపాం లాంటివి వాడుతున్నవాళ్లు డాక్టరు చెప్పిన లెక్కన వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి. మన నిజామాబాద్, కరీంనగర్ దిక్కు కల్తీ కల్లులో కలిపేవి కూడా ఇలాంటివే. కల్లు మానిన మనిషికి నిద్ర రాక, చేతులు వణుకుతుంటే మెలటోనిన్ తెచ్చి ఇవ్వొద్దు, ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఆల్ప్రజోలం 2014 నుంచి షెడ్యూల్ హెచ్1లో, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితాలో ఉంది. చీటీ లేకుండా నేను ఎవరికీ ఇవ్వను, ఇచ్చిన ప్రతిదీ రిజిస్టర్‌లో రాస్తాను. దానికి నా మీద కోపం చేసుకుని వేరే షాపుకు పోయినవాళ్లు ఉన్నారు, పోనీ.

మీ అవ్వకు సగం గమ్మీ ఇవ్వొద్దు. ఆమె వేసుకునే బీపీ గోలీ పేరు నువ్వు రాయలేదు, జవాబు దాని మీదే ఆధారపడి ఉంది. అటెనోలాల్, మెటోప్రోలాల్ రకం అయితే అవి ఒంట్లో సొంత మెలటోనిన్‌ను తగ్గిస్తాయి. అలాంటి గోలీలు వాడే 16 మందికి మూడు వారాలు రోజూ రెండున్నర మిల్లీగ్రాములు ఇస్తే నిద్ర 36 నిమిషాలు పెరిగిందని 2012లో ఒక చిన్న ప్రయోగం చూపింది. అంటే ఆమెకు నీకంటే ఎక్కువ పనికి రావొచ్చు. అదే నిఫెడిపిన్ అయితే, మెలటోనిన్ కలిసినప్పుడు బీపీ పెరిగిన దాఖలా ఉంది. ఉచ్చ ఎక్కువ పోయించే గోలీ సాయంత్రం వేసుకుంటోందేమో కూడా చూడు, డాక్టరును అడిగి దాన్ని పొద్దుటికి మారిస్తేనే నిద్ర బాగుపడినవాళ్లు నాకు తెలుసు. షుగర్ ఉన్నవాళ్లు అన్నం తిన్న వెంటనే మెలటోనిన్ వేసుకుంటే షుగర్ ఎక్కువ పెరిగే ప్రమాదం ఉంది, రెండు గంటలైనా ఎడం ఉండాలి. రక్తం పలచబడే వార్ఫరిన్, ఫిట్స్ మందులు, ఫ్లూవోక్సమిన్ అనే మానసిక వైద్యపు గోలీ వాడేవాళ్లు డాక్టరును అడగకుండా దీన్ని ముట్టుకోకూడదు. ఫ్లూవోక్సమిన్ అయితే మెలటోనిన్‌ను ఒంట్లో ఎన్నో రెట్లు పెంచేస్తుంది. యూరప్‌లో 55 దాటినవాళ్లకు మెల్లగా కరిగే 2 మిల్లీగ్రాముల గోలీకి 2007లో అనుమతి ఇచ్చారు, ఇప్పుడు కూడా 13 వారాల వరకే. అవ్వ వేసుకునే గోలీల స్ట్రిప్పులన్నీ, ఆయుర్వేదం పొడి ఉంటే అది కూడా, ఒక కవర్లో వేసుకుని డాక్టరు దగ్గరికి తీసుకుపో. చీటీ కంటే స్ట్రిప్పులే మేలు. చీటీలో రాసిందొకటి, ఇంట్లో వేసుకునేదొకటి ఉండడం నేను రోజూ చూస్తున్నా.

బిడ్డకు ఇంకో రాత్రి కూడా ఇవ్వకు. రెండు రాత్రులకు ఏదో అయిపోతుందని భయపెట్టట్లేదు. ఇప్పుడు బాగానే ఉంటే బాగానే ఉన్నట్టే. ఆటిజం లాంటి ఇబ్బందులున్న పిల్లలకు పిల్లల డాక్టర్లు కొలిచి ఇస్తారు, అది వేరు. మామూలు పిల్లకు 10 మిల్లీగ్రాములు ఎవరూ ఇవ్వరు. అమెరికాలో పిల్లలు మెలటోనిన్ మింగారని విష సమాచార కేంద్రాలకు వచ్చిన కేసులు 2012లో 8,337 ఉంటే 2021కి 52,563 అయ్యాయి. రుచిగా, రంగురంగుల జెల్లీలా ఉన్న మందు ఇంట్లో ఉంటే పిల్లలకు అది చాక్లెట్‌తో సమానం. మీ బిడ్డ ఇప్పటికే రెండు తిన్నది, తీపి అని ఆమెకు తెలుసు. ఆ డబ్బా ఫ్రిజ్ మీద ఉందని రాశావు. ఇది చదవగానే దించి, బీరువాలో పెట్టి తాళం వెయ్యి. ఎప్పుడైనా ఎక్కువ తిన్నదని అనుమానం వచ్చి, పిల్ల లేపినా లేవకపోతే, ఊపిరి తేడాగా ఉంటే డబ్బా చేత పట్టుకుని 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి పరుగెత్తు. బిడ్డకు నిద్ర ఎందుకు రావట్లేదో నువ్వు రాయలేదు. నువ్వు సెకండ్ షిఫ్ట్ నుంచి వచ్చేదాకా మేలుకుని ఉంటోందా? అలాగైతే ఆ వారం పొద్దున బడికి పోయే ముందు అరగంట ఆమెతో కూర్చో, రాత్రి తొమ్మిదిన్నరకు లైటు తీసేయమను.